ఒక్కరోజు కుర్చీ

“స్కూల్లో చేరనని నువ్వే చెప్పావా, మీ పిన్ని చెప్పించిందా?”

టీచరు కూతుర్ని ఈ మాట అడగడం పొద్దుటినుంచి మూడోసారి. మొదటి రెండుసార్లూ అమ్మడు వినిపించుకోనట్టు ఊరుకుంది. ఇప్పుడు మాత్రం చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ తల ఎత్తింది.

“పిన్నికి గొంతే లేదు కదమ్మా. ఏం చెప్పిస్తుంది?”

వంటింటి బల్ల దగ్గర మెడకు శాలువా చుట్టుకుని కూర్చున్న టీచరు చెల్లెలు నవ్వబోయి దగ్గింది. నిన్న సాయంత్రం నుంచి ఆమెకు మాట రావడం లేదు. పెదవులు కదులుతాయి, గాలి వస్తుంది, అంతే.

“గొంతు పోయింది నిన్న. హెడ్మిస్ట్రెస్‌కు నువ్వు ఫోన్ చేసింది మొన్న,” అంది టీచరు.

“నీతో ముందే చెప్పాను.”

“ఎప్పుడు?”

“అటుమొన్న రాత్రి. నువ్వు పేపర్లు దిద్దుకుంటున్నావు.”

“పేపర్లు దిద్దేది చేత్తో. చెవులతో కాదు.”

“అందుకే విన్నావనుకున్నాను.”

టీచరు కాగిన పాలు దించి మూత పెట్టింది. అక్కర్లేకపోయినా ఆ మూత ఇంకోసారి సర్దింది.

ఆ ఉద్యోగం ఊరికే రాలేదు. స్కూల్లో తను పాఠం చెప్పే భాషకు రెండో టీచరు కావాలని ఆవిడ రెండేళ్లు హెడ్మిస్ట్రెస్ చెవినిల్లు కట్టుకుని పోరింది. అమ్మడి చదువు అయ్యేదాకా ఆగమని అడిగింది. నెల తిరిగేసరికి జీతం, వేసవిలో సెలవులు, సాయంత్రం నాలుగింటికి ఇల్లు. విదేశీ భాషలో ఎం.ఏ. చదివిన పిల్లకు అంతకంటే ఏం కావాలి? ఆ చదువే చదివిన తనకు ఇన్నేళ్లూ అన్నం పెట్టింది అదేగా.

“సోమవారం దాకా ఆగుతానన్నారు హెడ్మిస్ట్రెస్,” అంది టీచరు గోడ వైపు చూస్తూ.

“నువ్వు ఆగమన్నావా?”

“ఆవిడే అన్నారు.”

అమ్మడు తల్లి ముఖంలోకి చూసింది. తల్లి అబద్ధం ఆడదు. అయితే నిజాన్ని ఎక్కడ ఆపాలో ఆవిడకు బాగా తెలుసు.

గుమ్మంలో పీట వేసుకుని బఠాణీలు ఒలుస్తున్న బామ్మకు సగమే వినబడింది. ఆవిడకు ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది ఆవిడకు కావలసినప్పుడు పనిచేస్తుంది.

“ఇవాళేగా దీని పరీక్ష? ఇంకా ఇక్కడే కూర్చున్నారేం?” అంది.

చెల్లెలు ఏదో అంది. గాలి తప్ప మాట బయటికి రాలేదు.

“ఏమంటోంది గంట?” అంది బామ్మ. చెల్లెలు ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె గొంతు విని బామ్మ పెట్టిన పేరు అది. “గంటకు నాలిక ఊడిపోతే ఇక దేనికి పనికొస్తుందే?”

అమ్మడు పిన్ని పెదవుల దగ్గరికి వంగింది. విని, నిటారుగా నిలబడి, బామ్మకు వినబడేంత గట్టిగా చెప్పింది.

“నేను ఈ స్థితిలో బూత్‌లో, ఆ గాజుగదిలో కూర్చోలేను. దగ్గితే మైకులోంచి హాలంతా వినబడుతుంది. పక్కన ఇంకో మనిషి లేకపోతే దీన్ని కూర్చోనివ్వరు.”

‘దీన్ని’ అన్నప్పుడు అమ్మడు తన గుండె మీదే చెయ్యి వేసుకుంది.

ఒకరి మాటను అప్పటికప్పుడు ఇంకో భాషలో చెప్పే దుబాసీ పనిలో మొదటి పాఠం అది. ఎదుటి మనిషి ‘నేను’ అంటే నువ్వూ ‘నేను’ అనే చెప్పాలి. ‘ఆయన ఇలా అంటున్నాడు’ అనకూడదు. టీచరుకు ఆ పాఠం తెలుసు. పరీక్షలో దాని మీద నాలుగు పేజీలు రాసి, తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. నోటితో మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

“అక్కా,” అంది అమ్మడు, పిన్ని పెదవులనే చూస్తూ. “ఈ ఒక్కరోజుకి నువ్వు కూర్చో.”

కన్నకూతురి నోట ఆ పిలుపు విని టీచరు చేతిలోని గరిటె బల్ల మీద పెట్టేసింది. చెల్లెలికి గొంతు పోలేదు. అది ఇక్కడే ఉంది. తన కూతురి నోట్లో ఉంది.

“ఒక్కరోజుకి,” అంది టీచరు.

చెల్లెలు తల దించుకుంది. ఆ మాటలో ఏముందో వాళ్లిద్దరికీ తెలుసు.

అమ్మడు అప్పుడు ఐదు నెలల పిల్ల. అమ్మడి తండ్రికీ టీచరుకూ జంటగా గాజుగదిలో కూర్చోవడానికి మొదటి పిలుపు వచ్చిన రోజున పిల్లకు జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. “ఒక్కరోజుకి నువ్వు వెళ్లవే,” అని చెల్లెల్ని పంపింది. ఆ పై వారం ఆఫీసువాళ్లు చెల్లెల్నే పిలిచారు. ఆ పని ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. ఇంట్లో ఒక్కరికైనా నికరమైన జీతం ఉండాలి కదా అని టీచరు స్కూల్లో చేరింది. అంతే. ఎవరూ ఎవరి కుర్చీనీ లాక్కోలేదు. అదే కష్టం. లాక్కుని ఉంటే తిట్టడానికైనా ఉండేది.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. గాజుగదిలో ఆయన కూర్చున్న కుర్చీకి ఆఫీసు మేనేజరు ఇంకా ఎవరినీ ఖాయం చెయ్యలేదు. ఇవాళ అమ్మడు మాట్లాడితే వెనక వరసలో కూర్చుని వింటానన్నాడు. నచ్చితే ఆ కుర్చీ అమ్మడిది. పిన్నీ తనూ జంట. నచ్చకపోతే ఇంకెవరినో చూసుకుంటాడు. అమ్మడు సోమవారం స్కూలుకు.

“నేను పేపర్లు దిద్దుకోవాలి,” అంది టీచరు.

“మధ్యాహ్నం దాకానే అమ్మా. ఆ తర్వాత వేరే జంట వస్తుంది. నువ్వు మాట్లాడక్కర్లేదు. నేనే మాట్లాడతాను. అంకెలు, పేర్లు కాగితం మీద రాసి నా ముందుకు జరిపితే చాలు.”

“నన్ను అడగాలని నీకు అనిపించిందా, మీ పిన్నికి అనిపించిందా?”

అమ్మడు పిన్ని శాలువా సరిచేసింది.

బామ్మ బఠాణీ తొక్కలు ఒళ్లో నుంచి దులుపుకుంది. “ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ ఇంట్లో అందరికీ రెండేసి భాషలు వచ్చు. ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోవడానికి మాత్రం ఒక్కటీ రాదు.”

టీచరు లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. మణికట్టుకు ఆయన వాచీ ఉంది. పట్టా వదులై కిందికీ పైకీ జారుతుంది. చివరి బెజ్జానికి బిగించి, చేతిసంచిలో ఎర్రపెన్ను ఉందో లేదో చూసుకుంది.

*

ఆ గాజుగది బట్టల బీరువా కంటే కాస్త పెద్దది. పెద్ద హాలు వెనక గోడకు ఆనించి, రెండు మెట్ల ఎత్తున ఉంది. లోపల రెండు కుర్చీలు, రెండు మైకులు, రెండు చెవి ఫోన్లు, ఒక చిన్న దీపం, నీళ్ల గ్లాసు. ఎదురుగా అద్దంలోంచి హాలంతా కనిపిస్తుంది. అవతలివాళ్లకు కూడా ఇవతలి ముఖాలు కనిపిస్తాయి. మాట మాత్రం మీట నొక్కితేనే వెళ్తుంది.

ఇన్నేళ్లలో టీచరు దీన్ని బయటినుంచి కూడా చూడలేదు. ఆయన రమ్మనేవారు. స్కూలుందని చెప్పేది.

కుర్చీలు రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో ఇప్పుడు చూసింది. ఒకరి మోచేయి ఒకరికి తగలకుండా కూర్చోవడం కుదరదు.

చెల్లెలు తలుపు దగ్గర నిలబడి శాలువాలోంచి గుసగుసగా చెబుతోంది. “గొంతు ఆగిపోతే నీళ్ల గ్లాసు దాని వైపు జరుపు. అంతకంటే ఏమీ చెయ్యకు. రెండు వాక్యాలు పోతే పోనీ. అదే తేరుకుంటుంది. మొదటిరోజు బావగారు నాకు అదే చేశారు.”

“సరే.”

“విన్నదే రాయక్కా. నీకు తెలిసింది రాయకు.”

“నాకు ఆ తేడా తెలుసు.”

“తెలుసనుకో.” చెల్లెలు దగ్గు ఆపుకుంది. “ఆ వాచీ తీసెయ్. బల్లకు తగిలితే మైకు పట్టేస్తుంది. బావగారు రాగానే తీసి, ఇదిగో, ఇక్కడ పెట్టేవారు.”

చెల్లెలి వేలు బల్ల మీద ఒకచోట ఆగింది. రెండు మైకులకూ మధ్యన.

“ఆయన వాచీ తీసేవారు కాదు,” అంది టీచరు.

“ఇక్కడ తీసేవారు.”

ఇంట్లో స్నానానికి తప్ప తీసేవారు కాదు. నిద్రలో ఆ వాచీ తన బుగ్గకు తగిలి మెలకువ వచ్చిన రోజులు ఎన్నో. తీయమంటే, “అలవాటైపోయింది, చెయ్యి బోసిగా ఉంటుంది,” అనేవారు. ఆ బోసి చేతిని రోజూ చూసిన మనిషి ఇప్పుడు తన ఎదురుగా శాలువా కప్పుకుని నిలబడింది.

“ఇది చప్పుడు చెయ్యదు,” అంది టీచరు.

“ఆయన తీసి పెట్టిందీ ఈ వాచీనే కదక్కా.”

టీచరు చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. చెల్లెలు మెట్లు దిగి, హాల్లో పక్క వరసలో కూర్చుని, చెవి ఫోను తగిలించుకుంది. వెనక వరసలో మేనేజరు అప్పటికే తగిలించుకుని ఉన్నాడు. సన్నటి మనిషి, మోకాలి మీద తెల్ల కాగితం, చేతిలో పెన్ను.

అమ్మడు తన వాచీ విప్పింది. రెండు మైకులకూ మధ్యన పెట్టింది.

విషయం వంతెన. ఏటి మీది పాత వంతెన మీదికి ఇంకా బరువైన బళ్లను పంపవచ్చా లేదా అన్నది చూడడానికి పైదేశం నుంచి ఇంజనీరు ఒకాయన వచ్చాడు. ఆయన నివేదికను టీచరు పొద్దున దారిలోనే చదివేసింది. ముఖ్యమైన అంకెల కింద ఎర్రపెన్నుతో గీతలు గీసింది. ఇరవై టన్నుల దాకా పంపవచ్చని అందులో ఉంది. ఆ ఇరవై కింద రెండు గీతలు.

ఇంజనీరు లేచాడు. అమ్మడు మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది.

“నమస్కారం. ఈ ఏటి ఒడ్డున నేను మూడు రోజులు నడిచాను,” అంది అమ్మడు.

టీచరు ఒక చెవికి ఫోను పెట్టుకుని ఇంజనీరును, రెండో చెవితో కూతుర్ని విన్నది. మొదట వణికిన గొంతు నాలుగో వాక్యానికి నిలదొక్కుకుంది. ఏడుస్తూ పాలడిగిన గొంతు, పాఠం అప్పజెప్పిన గొంతు, ఇప్పుడు నెరిసిన జుట్టున్న ఒక మనిషికి బదులుగా ‘నేను’ అంటోంది. తడబాటు లేదు. వయసు తెలియడం లేదు.

టీచరు అంకెలు రాసింది. స్తంభాల సంఖ్య. కట్టిన సంవత్సరం. పగుళ్ల పొడవు. గుండ్రటి స్కూలు అక్షరాలు. కాగితం జరిపినప్పుడల్లా అమ్మడు దాని మీద కన్ను వేసి, చదివి, ముందుకు పోతోంది. ఒక క్షణం టీచరుకు సుఖంగా అనిపించింది. ఇలా కూర్చోవచ్చు. రోజూ కూర్చోవచ్చు.

అప్పుడు అమ్మడు, “సంగతేమిటంటే,” అంది.

ఇంజనీరు ఆ మాట అనలేదు. పెద్ద వాక్యం ముడి విప్పుకోవడానికి కాస్త సమయం కావాలి. ఆ సమయాన్ని నింపడానికి వేసిన మాట అది. టీచరుకు తెలియకుండా అమ్మడికి ఎక్కడి నుంచి వచ్చింది? ఇంట్లో ఎవరూ అలా అనరు.

“సంగతేమిటంటే,” అంది అమ్మడు మళ్లీ. చివర చిన్న ఊపిరి. ఆ ఊపిరి ఆయనది.

టీచరు హాల్లోకి చూసింది. చెల్లెలు కళ్లు మూసుకుని ఉంది. గొంతు లేని ఆ పెదవులు అమ్మడి మాటలతో పాటే కదులుతున్నాయి. ఒక్క అక్షరం వెనకపడడం లేదు.

ఆయన గాజుగదిలో ఒకలా మాట్లాడేవారన్నమాట. ఇంట్లో ఎన్నడూ అనని మాటలు అక్కడ అనేవారు. ఆయన పోయాక ఆ మాటలన్నీ చెల్లెలు దాచుకుంది. దాచుకుని, తనకు కాదు, తన కూతురికి ఇచ్చింది. తనకు మిగిలింది ఈ వాచీ. ఇది కూడా ఆయన ఇక్కడ విప్పేసిందే.

ఫోనులో ఇంజనీరు ఏదో వాక్యం పూర్తి చేశాడు. ఆ వెంటనే ఒక అంకె చెప్పాడు. పన్నెండు టన్నులు.

టీచరు నివేదిక వైపు చూసింది. ఇరవై. కింద రెండు గీతలు. తప్పు చెప్పాడు. పాపం, నోరు జారింది. చెయ్యి ఆలోచించలేదు. పాతికేళ్లుగా తప్పు కనిపించిన చోటల్లా చేసే పనే చేసింది. కాగితం మీద ‘20’ అని రాసి, చుట్టూ సున్నా చుట్టి, కూతురి ముందుకు జరిపింది.

“ఇరవై టన్నులు,” అంది అమ్మడు.

ముందు వరసలో వంతెనల అధికారి చెయ్యి ఎత్తాడు. “ఒక్క మాటండీ. నివేదికలో రాసింది మార్చుకుంటున్నాను అన్నారు. నివేదికలో కూడా ఇరవయ్యే ఉంది. మరి మార్చింది ఏమిటి?”

అమ్మడు ఆ ప్రశ్నను ఇంజనీరు భాషలోకి తిప్పింది. తిప్పుతూనే ఆమెకు అర్థమైంది. టీచరుకు కూడా.

ఇంజనీరు అద్దం వైపు చూశాడు. తను పన్నెండు అన్నానని, నిన్న స్తంభం అడుగుకు దిగి చూశాక ఇరవై అన్న మాట వెనక్కి తీసుకున్నానని మెల్లగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

హాల్లో తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. మేనేజరు తిరగలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

అమ్మడు మైకుకు దగ్గరగా వంగింది. “అనువాదకురాలి సవరణ. ఇంజనీరు గారు చెప్పింది పన్నెండు టన్నులు. పొరపాటు అనువాదకురాలిది. వక్తది కాదు.”

ఆ పనిలో తనను గురించి తను చెప్పుకోవలసి వస్తే అలాగే చెప్పాలి. ‘నేను’ అన్న మాట మాట్లాడే పెద్దమనిషి సొత్తు. తప్పు చేసినప్పుడు కూడా అది నీది కాదు.

*

టీ విరామంలో మేనేజరు మెట్ల దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. అది ఇంకా కష్టంగా ఉంది.

“గొంతు బాగుందమ్మా. సవరణ కూడా పద్ధతిగా చెప్పావు. ఆ అంకె ఎలా వచ్చింది?”

“నేనే పొరపాటు విన్నాను సార్,” అంది అమ్మడు.

టీచరు నోరు తెరిచింది. ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంది. ఆ లోపల మేనేజరు తల ఊపి, “సరే, రెండో భాగం కూడా వింటాను,” అని కప్పు అందుకోవడానికి వెళ్లిపోయాడు.

మెట్ల మలుపులో ముగ్గురూ మిగిలారు.

“అమ్మా,” అంది అమ్మడు. “మార్చుకుంటున్నానని ఆయన అన్న మాట నువ్వు వినలేదా, విని రాశావా?”

“విని ఎందుకు రాస్తాను?”

“నేనూ అదే అడుగుతున్నాను.”

“వినలేదు.”

“చెవికి ఫోను ఉంది కదా. ఏం చేస్తున్నావు మరి?”

టీచరు జవాబు కోసం చెల్లెలి వైపు చూసింది. చూసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. “నువ్వేదో మాట అన్నావు. సంగతేమిటంటే అని. అది ఎక్కడిదా అని ఆలోచిస్తున్నాను.”

“నాన్నది. పిన్ని నేర్పింది.”

“నన్ను అడిగితే నేను నేర్పకపోదునా?”

“నీకు తెలియదు కదమ్మా.”

అమ్మడు ఆ మాట కటువుగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. అందుకే అది నేరుగా వెళ్లి తగలవలసిన చోట తగిలింది.

చెల్లెలు ఇద్దరి మధ్యకూ వచ్చింది. “అక్కా, ఇది గొడవపడే చోటు కాదు. దానికి ఇంకో గంట పని ఉంది.” గుసగుస చాలక చేతులు కూడా కదిపింది.

“నువ్వు ఊరుకో. నువ్వు మాట్లాడకపోయినా నాకు వినబడుతూనే ఉంది. పొద్దుటినుంచీ దాని నోటితో నువ్వే మాట్లాడుతున్నావు.”

“నేను లాక్కోలేదక్కా. నువ్వే పంపావు.”

“ఒక్కరోజుకి పంపాను.”

చెల్లెలు గోడకు ఆనుకుంది. దగ్గు తెర ఒకటి వచ్చి పోయేదాకా ఆగింది. “మర్నాడు నువ్వు వస్తావని బావగారు ఆ కుర్చీ తుడిచి పెట్టారు. ఆ పై వారం కూడా తుడిచారు. ఎన్నిసార్లు రమ్మన్నారు? నీకు స్కూలుంది. ఎప్పుడూ స్కూలుంది.”

టీచరు వాచీని మణికట్టు చుట్టూ ఒకసారి తిప్పింది. ఆయన కుర్చీ తుడిచిన సంగతి ఆవిడకు తెలియదు. తెలియనివి ఇంకా ఎన్ని ఉన్నాయో. అవన్నీ తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆమెను అడిగి తెలుసుకోవాలి.

“నేను సోమవారం స్కూలుకు వెళ్లాలనే నీకుంటే ఇప్పుడే చెప్పు అమ్మా,” అంది అమ్మడు. గొంతు పల్చబడింది. “నేను ఒక్కదాన్నే కూర్చుంటాను. అంకెలు నేనే రాసుకుంటాను.”

“ఒక్కదాన్ని కూర్చోనివ్వరు.”

“అయితే కాగితం జరిపేటప్పుడు నన్ను గుర్తుపెట్టుకో. పిన్నిని కాదు.”

గంట మోగింది. అమ్మడు ముందుగా మెట్లెక్కింది. టీచరు కదలబోతుంటే చెల్లెలు చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, పెదవులు మాత్రమే కదిపింది. టీచరు వంగలేదు. వంగకపోయినా అర్థమైంది.

నీళ్ల గ్లాసు.

*

రెండో భాగంలో ఇంజనీరు కాగితాలు పక్కన పెట్టేశాడు.

“నేను ఎన్నో వంతెనలు చూశాను,” అని తన భాషలో మొదలుపెట్టాడు. “పడిపోయిన వంతెనలను కూడా చూశాను.”

అమ్మడు మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. “నేను,” అంది. ఆగింది.

టీచరు ముందు తెల్ల కాగితం, పెన్సిలు ఉన్నాయి. అంకెలు లేవు. రాయడానికి ఏమీ లేదు.

“నేను,” అంది అమ్మడు మళ్లీ. గొంతు దాకా వచ్చిన మాట అక్కడే నిలిచిపోయింది. కళ్లు ఇంజనీరు మీదే ఉన్నాయి. పెదవులు తెరుచుకునే ఉన్నాయి. ఏడవడం లేదు. మాట ఎక్కడ వదిలిందో వెతుక్కుంటోంది, అంతే. మీట మీది వేలు తనకు తెలియకుండానే లేచింది. దీపం ఆరింది.

అవతల ఒక వాక్యం పోయింది. హాల్లో ఒకరిద్దరు చెవి ఫోన్లు సరిచేసుకున్నారు.

రెండు వాక్యాలు పోతే పోనీ. అదే తేరుకుంటుంది.

టీచరు చెయ్యి గ్లాసు మీదికి వెళ్లింది. చల్లగా తగిలింది. నాలుగు వేళ్ల దూరం జరిపితే చాలు.

అద్దంలోంచి చెల్లెలు తననే చూస్తోంది. జరుపు, అన్నట్టు గడ్డం కదిపింది. ఆ గడ్డం కదిపిన తీరులో ఏళ్ల తరబడి ఆ కుర్చీలో కూర్చున్న మనిషి నిబ్బరం ఉంది. ఎవరు ఎప్పుడు ఏం చెయ్యాలో దానికి తెలుసు. ఎప్పుడూ దానికే తెలుసు.

“ఒక వంతెన పడిపోయే ముందు చప్పుడు చెయ్యదు,” అంటున్నాడు ఇంజనీరు.

ఆ వాక్యం టీచరు లోపల తనంత తానే తిరగబడి, సొంత భాషలో వచ్చి నిలబడింది. ఎక్కడా అతుకు లేదు. దిద్దవలసిన అక్షరం ఒక్కటి లేదు.

గ్లాసు మీది చెయ్యి వెనక్కి వచ్చింది. వాచీ పట్టా విప్పింది. రెండు మైకులకూ మధ్యన, అమ్మడి వాచీ పక్కన, ఆయన వాచీ పెట్టింది. చెవి ఫోనును రెండు చెవులకూ నిండుగా సర్దుకుంది. తన ముందున్న మీట నొక్కింది.

“నేను ఎన్నో వంతెనలు చూశాను,” అంది టీచరు. “పడిపోయినవి కూడా చూశాను. వంతెన పడిపోయే ముందు చప్పుడు చెయ్యదు. అది చేసేదల్లా కొంచెం కిందికి వంగడమే. రోజూ దాని మీద నడిచేవాళ్లకు ఆ వంపు తెలియదు.”

హాలు వింటోంది. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా ఉంది. తరగతి గదిలో అరిచే గొంతు కాదు. బామ్మ కోసం పెంచే గొంతు కాదు. లోతుగా, తొందర లేకుండా, ఎవరిదో జీవితాన్ని ‘నేను’ అని చెబుతూ నడిచింది. ఆయన పోయిన తరువాత తను ఇంత తేలికగా ఊపిరి పీల్చుకోవడం ఇదే.

వెనక వరసలో మేనేజరు పెన్నుకు మూత పెట్టాడు. కళ్లు మూసుకుని వినసాగాడు.

పక్క వరసలో చెల్లెలు లేచి నిలబడింది. శాలువా భుజం మీంచి జారిపోయింది. తన గొంతు విని లేచింది అనుకుంది టీచరు. విననీ. ఇన్నేళ్లకు విననీ. ఆ ఆలోచన వెనకే ఇంకో వాక్యం వచ్చింది. దాన్నీ అందుకుంది.

పక్కన అమ్మడి కుర్చీ జరిగిన చప్పుడును, ఆ వెంటనే గాజుగది తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడును మైకు పట్టేసింది. హాల్లో ఉన్న ప్రతి మనిషి చెవిలోనూ అది పడింది.

టీచరు చెవుల్లో మాత్రం ఇంజనీరు తప్ప ఎవరూ లేరు.